ట్యూబు మీది చిన్న అక్షరాలు

మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. పదో తరగతి తప్పిన ఏడాది మా మేనమామ నన్ను హైదరాబాదు తీసుకువచ్చి తన పనిలో పెట్టుకున్నాడు. ఆయన రాతిపని మేస్త్రి. వంటింటి గట్టు మీద బండ పరచడం, సింకు కోసం ఆ బండను కోయడం, సింకును అందులో కూర్చోబెట్టి చుట్టూ నీళ్లు దిగకుండా సందు మూయడం మా పని.

మామకు చదువు రాదు. కాని బండను వేలి కణుపుతో కొట్టి, ఆ చప్పుడును బట్టి లోపల పగులు ఉందో లేదో చెప్పగలడు. టేపు పట్టకుండానే రెండడుగులు ఎంతో చూపించగలడు. నాకు మాత్రం చదవడం వచ్చు. తెలుగు గబగబా చదువుతాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. సరుకుల చీటీ రాయడం, కొలతలు లెక్కవేయడం నా వంతుగా ఉండేవి. “చదివేవాడు ఇంట్లో ఒకడున్నాడు, అది చాలు” అని మామ నలుగురిలో చెప్పుకునేవాడు.

అలాంటి నేను ఒకసారి చదవవలసినది చదవలేదు. చదవడం రాక కాదు, చదవాలని తోచక. ఆ తప్పు గురించీ, దాని వల్ల నేను నేర్చుకున్న దాని గురించీ మీకు చెబుతాను. మీరు సింకులు బిగించే పనివారు కాకపోవచ్చు. కాని మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు సింకు బిగిస్తారు. అప్పుడు ఇది పనికివస్తుంది.

టీచరమ్మ గారి వంటగది

అది 2013వ సంవత్సరం. ఉద్యోగ విరమణ చేసిన ఒక టీచరమ్మ ఇంట్లో వంటగది పని ఒప్పుకున్నాం. ఆమె గట్టుకు తెల్లని పాలరాయి తెప్పించుకుంది. రాజస్థాన్‌లోని మక్రానా రాయి అది. తాజ్‌మహల్ కట్టడానికి వాడిన పాలరాయి కూడా మక్రానాదే. “ముప్పై ఏళ్లు అద్దె ఇళ్లలో పొగచూరిన గట్ల మీద వండాను. ఇప్పుడు నా గట్టు తెల్లగా ఉండాలి” అని ఆమె నవ్వుతూ చెప్పింది.

బండ పరిచాం. స్టీలు సింకు కూర్చోబెట్టాం. చుట్టూ పూయడానికి సిలికాన్ కావలసివచ్చింది. అంతకుముందు ఒక దుకాణానికి గాజు తలుపులు బిగించినప్పుడు మిగిలిన ట్యూబు మా సంచిలో ఉంది. “కొత్తది ఎందుకురా అల్లుడూ, దీంతోనే కానియ్యి” అన్నాడు మామ. నేను గన్నులో ట్యూబు పెట్టి, సింకు చుట్టూ సన్నని గీతలా పూసి, వేలితో నున్నగా దిద్దాను. వంటగదంతా వెనిగర్ వాసన వచ్చింది. ఆ వాసన మాకు అలవాటే. ఖాళీ ట్యూబును కిటికీ గూటిలో పెట్టి మరిచిపోయి వచ్చాం.

రెండు నెలలకు టీచరమ్మ కబురు పెట్టింది. వెళ్లి చూస్తే సింకు చుట్టూ వేలెడు వెడల్పున రాయి నూనె పీల్చినట్టు నల్లబడి ఉంది. సిలికాన్ అంచు వెంబడి పాలరాయి మెరుపు పోయి, సుద్దముక్కలా వెలవెలబోయింది. ఒక మూల సిలికాన్ గోటితో లాగితే పట్టీలా ఊడి వచ్చింది. ఆ సందులోంచి నీళ్లు దిగి కింది అలమారా చెక్క ఉబ్బింది.

మామ చూసి, “రాయిలోనే దోషం ఉందమ్మా” అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. టీచరమ్మ ఏమీ అనలేదు. కిటికీ గూటిలోంచి ఆ ఖాళీ ట్యూబు తీసి నా చేతికిచ్చింది.

“బాబూ, నీకు చదువు వచ్చు కదా. వెనకవైపు చిన్న అక్షరాలున్నాయి. పైకి చదువు” అంది.

కూడబలుక్కుంటూ చదివాను. ఎక్కడ వాడాలో ముందు రాసి ఉంది: గాజు, పింగాణీ పలకలు. ఆ కింద ఎక్కడ వాడకూడదో రాసి ఉంది. అందులో మొదటి మాట ‘మార్బుల్’. అది చదివేసరికి నా గొంతు పూడుకుపోయింది.

“మామా, రాయి తప్పు కాదు. నేను చదవలేదు” అన్నాను.

ఇంటి యజమాని ఎదుట మేస్త్రి మాట కాదనడం మా పనిలో చిన్న విషయం కాదు. మామ ముఖం మాడిపోయింది. పాలిష్ మిషనుతో రాయిని మళ్లీ రుద్దించడానికి, అలమారా చెక్క మార్చడానికి అయిన ఖర్చు మాకు రావలసిన కూలిలోంచి పోయింది. అది ఎలాగో సర్దుకున్నాం. నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే ఉంది. నెల రోజులు మామ నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు.

వెనిగర్ వాసనలో ఉన్న సంగతి

ఆ తరవాత నేను ఓపెన్ స్కూల్లో చేరి పదో తరగతి మళ్లీ చదివాను. విజ్ఞానశాస్త్రంలో ఆమ్లాల పాఠం చదువుతుండగా నాకు టీచరమ్మ గారి గట్టు కళ్లముందు కనిపించింది. ఏం జరిగిందో అప్పుడు పూర్తిగా అర్థమయింది.

సిలికాన్ గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు ఏదో ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది. గాజు పనికి వాడే మామూలు రకం అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్‌లో ఉండేది కూడా ఈ ఆమ్లమే. అందుకే ఆ వాసన.

పాలరాయి అంటే ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే అది కరుగుతుంది. కార్బన్ డయాక్సైడు వాయువు పోయి, కాల్షియం అసిటేట్ అనే లవణం మిగులుతుంది. ఈ లవణం నీళ్లలో కరిగిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి. సిలికాన్‌కూ రాయికీ మధ్య నీళ్లలో కరిగే పొర ఒకటి తయారైతే ఆ అతుకు ఎన్నాళ్లు నిలుస్తుంది? పైకి గట్టిగానే కనిపిస్తుంది. రోజూ నీళ్లు తగులుతుంటే లోపల పట్టు వదిలేస్తుంది.

మరి నల్లని మరక ఎలా వచ్చింది? కొన్ని సిలికాన్లలో మెత్తదనం కోసం నూనె వంటి పదార్థాలు కలుపుతారు. రాయి పైకి నున్నగా ఉన్నా దానిలో కంటికి కనిపించని సందులుంటాయి. ఆ నూనె వాటిలోకి మెల్లగా పాకుతుంది. మెరుపు పోయిన చోట పాలిష్ పట్టవచ్చు. లోపలికి ఇంకిన నూనెను పూర్తిగా తీయడం కష్టం.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ ట్యూబులోని సరుకు చెడ్డది కాదు. గాజుకు అది చక్కగా అతుకుతుంది. సరుకు మంచిదే, మేము పూసిన చోటు తప్పు.

మీ గట్టు ఏ రాయి?

సిలికాన్ కొనేముందు మీ గట్టు రాయి ఏదో తెలుసుకోండి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు.

మొదటిది సున్నపు జాతి. పాలరాయి ఈ జాతిదే. కడప రాయి, తాండూరు బండ, బేతంచెర్ల నాపరాయి, కర్ణాటక నుంచి వచ్చే షాబాదు బండ కూడా ఈ జాతివే. పాలరాయి ఖరీదైనది కాబట్టి జాగ్రత్త పడతాం. నల్లని కడప రాయిని చూసి, అది మొరటు రాయి కదా, దానికేమవుతుంది అనుకుంటాం. కాని ఆమ్లం ముందు రెండూ ఒకటే.

రెండవది గ్రానైట్. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే, నల్లని ఒంటి మీద బంగారు చుక్కలున్న రాయి మీరు చూసే ఉంటారు. గ్రానైట్ వంటింట్లోని నిమ్మరసానికీ, చింతపండు పులుసుకూ అంత తేలికగా లొంగదు. అయినా దానిలోనూ సందులుంటాయి. నూనె పీలుస్తుంది. లేత రంగు గ్రానైట్ అయితే మరక స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి గ్రానైట్‌కు కూడా వెనిగర్ వాసన రకం వద్దు.

రాయి ఏదో తెలియకపోతే ఒక తేలిక పరీక్ష ఉంది. సింకు కోసం బండను కోసినప్పుడు మధ్యముక్క మిగులుతుంది. చాలామంది దాన్ని పారేస్తారు, లేదా పెరట్లో బట్టలు ఉతకడానికి వేసుకుంటారు. పని పూర్తయ్యేదాకా దాన్ని దాచండి. దాని మీద ఒక చుక్క నిమ్మరసం వేసి పావుగంట ఉంచి తుడవండి. నురుగు వచ్చినా, ఆరిన తరవాత మెరుపు తగ్గి మచ్చ కనిపించినా అది సున్నపు జాతి. మరోచోట ఒక చుక్క నీరు వేయండి. పది నిమిషాల్లో అక్కడ రంగు ముదిరితే ఆ రాయి బాగా పీలుస్తుందని అర్థం. కొన్న సిలికాన్‌ను కూడా ముందు ఆ ముక్క మీదనే కొద్దిగా పూసి, కొన్ని రోజులు చూడండి. నిజమైన గట్టు మీద మరక చూడటం కంటే పారేసే ముక్క మీద చూడటం మేలు.

ఏది వాడాలి?

మా పనిలో సింకు చుట్టూ రకరకాలవి పూస్తారు. ఒక్కొక్కటి చూద్దాం.

తెల్ల సిమెంటు చౌక. కాని దానికి సాగే గుణం లేదు. మన ఇళ్లలో గంజి వార్చేది సింకులోనే కదా. 60 సెంటీమీటర్ల పొడవున్న స్టీలు 60 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. చల్లారితే మళ్లీ తగ్గుతుంది. రాయి అంత పెరగదు. రోజూ జరిగే ఈ లాగుడుకు తెల్ల సిమెంటు చిట్లుతుంది. ఆ సన్నని పగులులోంచి నీళ్లు దిగుతాయి.

అవిసె నూనెతో కలిపిన పుట్టీ గొట్టాల పనికి వాడతారు. రాతికి అది తగదు. ఆ నూనెను రాయి పీల్చుకుంటుంది.

రెండు పదార్థాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు బాగా గట్టిపడుతుంది. రాతికి రాతిని అతకడానికి అది మంచిది. కాని సాగదు. రేపు సింకు మార్చవలసి వస్తే రాయి అంచు పగిలేదాకా వదలదు.

ఇక మిగిలింది న్యూట్రల్ సిలికాన్. గట్టిపడేటప్పుడు ఇది ఆమ్లాన్ని వదలదు. కొనేటప్పుడు ట్యూబు మీద మూడు సంగతులు చూడండి. ఒకటి, ‘న్యూట్రల్ క్యూర్’ అని ఉండాలి. రెండు, సహజమైన రాతికి వాడవచ్చని, మరక పడదని రాసి ఉండాలి. న్యూట్రల్ అయినంత మాత్రాన మరక పడదని చెప్పలేం, అందుకే ఈ రెండో మాట కూడా కావాలి. మూడు, గడువు తేదీ. గడువు దాటిన సిలికాన్ సరిగా గట్టిపడకపోవచ్చు. వంటింటికి బూజు పట్టని రకం దొరుకుతుంది. అందులో బూజును చంపే మందు ఉంటుంది. అది సందుకు మంచిదే. తాగునీటి తొట్టికి గాని, చేపల తొట్టికి గాని అది పనికిరాదు.

ఎంత కావాలో కూడా లెక్క వేద్దాం. 61 సెంటీమీటర్ల పొడవు, 46 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సింకు చుట్టుకొలత 214 సెంటీమీటర్లు. సందు 6 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల లోతు ఉంటే సుమారు 77 మిల్లీలీటర్ల సిలికాన్ కావాలి. ఒక ట్యూబులో మామూలుగా 280 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే వృథా పోయినా ఒక ట్యూబు ఒక సింకుకు ధారాళంగా సరిపోతుంది. నేను మిగిల్చింది ఆ ఒక్క ట్యూబు ధర. పోగొట్టుకున్నది దానికి ఎన్నో రెట్లు.

సింకును గట్టు కింద నుంచి బిగిస్తే మరొక జాగ్రత్త కావాలి. 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 లోతు ఉన్న తొట్టి నిండితే 40 లీటర్లు, అంటే 40 కిలోల బరువు. ఆ బరువు మోయడానికి కింద ఇనుప పట్టీలో, ఆధారమో ఉండాలి. సిలికాన్ పని నీళ్లు ఆపడమే. బరువు దానిమీద వదిలేయకూడదు.

పూసేముందు, పూసిన తరవాత

సందు పొడిగా, జిడ్డు లేకుండా ఉండాలి. పాత సిలికాన్ ఉంటే మొత్తం గీకి తీసేయాలి. పాతదాని మీద కొత్తది పట్టదు. స్పిరిట్‌తో తుడిచేటప్పుడు పొయ్యి ఆర్పి, కిటికీ తెరవాలి. స్పిరిట్ ఆవిరి నిప్పు అంటుకుంటుంది. రాతికీ స్టీలుకూ అంచుల వెంట మాస్కింగ్ టేపు అంటించి, మధ్యలో సిలికాన్ పూసి, పైపొర గట్టిపడకముందే టేపు లాగేయాలి.

సిలికాన్ పైనుంచి లోపలికి గట్టిపడుతుంది. ఒక రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే గట్టిపడుతుంది. కాబట్టి 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. రెండు మూడు రోజుల దాకా బరువైన గిన్నెలు పడేయకండి. ఇంటివారు తొందరపెడితే ఈ లెక్క చెప్పండి.

ఇంతవరకు రాతి క్షేమం గురించి చెప్పాను. మనిషి క్షేమం కూడా చూడాలి. న్యూట్రల్ అంటే రాతికి హాని లేదని మాత్రమే. దాని ఆవిరి పీల్చవచ్చని కాదు. న్యూట్రల్ రకాలు కొన్ని ఆల్కహాలును, కొన్ని ఆక్సైమ్ అనే పదార్థాన్ని వదులుతాయి. అవి మంచివి కావు. కిటికీలు తెరిచి పనిచేయాలి. పసిపిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. మేము ఏళ్ల తరబడి ఉమ్మి తడి చేసుకున్న వేలితో సిలికాన్ దిద్దాం, ఆ చేత్తోనే బీడీ ముట్టించాం. అది తప్పు. చేతికి తొడుగు వేసుకోవాలి. అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడగాలి. కంట్లో పడితే నలపకుండా కనీసం పావుగంట మంచినీళ్లతో కడిగి, వైద్యుడికి చూపించాలి.

మామ ముక్కు

ఆమ్లాల పాఠం చదివిన రోజు రాత్రి మామకు ఆ సంగతి చెప్పాను. చెబితే వింటాడో లేదో అని భయపడుతూనే చెప్పాను. నిమ్మకాయ తెచ్చి, మా గది గుమ్మం దగ్గరున్న షాబాదు బండ ముక్క మీద పిండాను. పావుగంట తరవాత తుడిచి చూపించాను. మామ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చ మీద బొటనవేలితో రుద్దాడు. చాలాసేపటికి, “అయితే ఆ పుల్ల వాసనేనన్నమాట” అన్నాడు.

“అవును మామా” అన్నాను.

“మరి ఇన్నేళ్లూ నా ముక్కు చెబుతూనే ఉంది. నాకే తెలియలేదు” అన్నాడు.

ఆ మాటతో మా మధ్య ఉన్న మౌనం తెగిపోయింది. అప్పటి నుంచి కొత్త ట్యూబు విప్పితే, కాస్త కాగితం మీద పిండి, దూరం నుంచి ఆ వాసన చూసేది మామ. అంతకుముందు దుకాణంలోనే వెనకవైపు చిన్న అక్షరాలు చదివేది నేను. ఇద్దరం సరేనంటేనే అది రాయిని తాకుతుంది.

టీచరమ్మ ఇంటికి ఇప్పటికీ అప్పుడప్పుడూ వెళతాను. న్యూట్రల్ సిలికాన్‌తో మేము మళ్లీ పూసిన సందు ఇంతవరకు ఒక్క చుక్క దిగనివ్వలేదు. కాని సింకుకు ఎడమవైపు ఆ నల్లని నీడ కొంచెం మిగిలే ఉంది. పాలిష్‌కు పోలేదు. ఆమె దాని మీద కొత్తిమీర గిన్నె పెట్టుకుంటుంది. నేను వెళ్లినప్పుడు మాత్రం ఆ గిన్నె పక్కకు జరుపుతుంది. చూడమని కాదు, మంచినీళ్ల గ్లాసు పెట్టడానికి చోటు కోసం. అయినా నా చూపు అక్కడికే పోతుంది.

మీ ఇంట్లో ఇప్పుడు ఏ సీసా ఉన్నా, ఏ ట్యూబు ఉన్నా, ఒకటి తీసి వెనక్కి తిప్పండి. ‘ఎక్కడ వాడకూడదు’ అని ఏమి రాసి ఉందో చదవండి. తెలియని మాట ఉంటే తెలిసినవారిని అడగండి. ఈ పాఠం తరవాత మీరు చేయవలసిన మొదటి అభ్యాసం ఇదే.